ఆ సూది గురించి ఆమెకు ఏం చెప్పాలి?

మొదటి వక్త: నా వాదన సూటిగానే చెబుతాను. మూడు నెలలకోసారి వేయించుకునే గర్భనిరోధక ఇంజక్షన్ డీఎంపీఏ, అంటే డెపో ప్రొవెరా. దాన్ని వాడే ఆడవాళ్లకు హెచ్‌ఐవీ సోకే ముప్పు పెరుగుతోందేమోనని ఇరవై ఏళ్లకు పైగా అనుమానం ఉంది. హెచ్‌ఐవీ విపరీతంగా ఉన్న తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల్లోనే ఆ సూది వాడకమూ ఎక్కువ. అంత అనుమానం ఉన్నప్పుడు రెండు పనులు చేయాలి. సూది వేయించుకునే మనిషికి ఆ సంగతి ముందే చెప్పాలి, వేరే పద్ధతి కావాలంటే అది కూడా అక్కడ దొరకాలి. చాలాకాలం పాటు చాలాచోట్ల ఈ రెండూ జరగలేదు.

రెండో వక్త: చెప్పాలన్న దగ్గర మీతో నాకు పేచీ లేదు. ఏం చెప్పాలన్న దగ్గరే పేచీ. "ఈ సూదితో హెచ్‌ఐవీ రావచ్చేమో" అని నర్సు నోట ఒక్క మాట వస్తే చాలు, సూదికి వచ్చిన పిల్ల మళ్లీ ఆ క్లినిక్ గడప తొక్కదు. కొన్ని నెలలు తిరిగేసరికి కడుపుతో ఉంటుంది. 2020లో ప్రపంచమంతటా గర్భం, కాన్పుల కారణంగా చనిపోయిన ఆడవాళ్లు సుమారు 2,87,000 మంది అని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. వాళ్లలో 70 శాతం సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా వాళ్లే. మీరు చెప్పేది ఒక అనుమానం. నేను చెప్పేది కళ్లముందు జరుగుతున్న చావులు.

మొదటి వక్త: అనుమానం అని తేలిగ్గా తీసేయకండి. 2011 అక్టోబరులో లాన్సెట్ వారి అంటువ్యాధుల పత్రికలో వచ్చిన అధ్యయనం సంగతి తీసుకోండి. బోట్స్వానా, కెన్యా, రువాండా, దక్షిణాఫ్రికా, టాంజానియా, ఉగాండా, జాంబియా అనే ఏడు దేశాల నుంచి 3,790 జంటలను తీసుకున్నారు. ప్రతి జంటలోనూ ఒకరికి హెచ్‌ఐవీ ఉంది, ఇంకొకరికి లేదు. భర్తకు వైరస్ ఉండి భార్యకు లేని జంటల్లో, హార్మోన్ పద్ధతులు వాడుతున్న ఆడవాళ్లలో వందమందికి ఏడాదికి 6.61 మందికి వైరస్ సోకింది. వాడనివాళ్లలో అది 3.78. మిగతా తేడాలన్నీ సర్ది చూసినా ముప్పు దాదాపు రెట్టింపు. అంతేకాదు, భార్యకు వైరస్ ఉన్న జంటల్లో ఆమె ఈ పద్ధతులు వాడుతుంటే భర్తకు సోకే అవకాశం కూడా దాదాపు రెట్టింపు అయింది. ఇంత తేడా కనబడ్డాక ఎవరు నిశ్చింతగా ఉండగలరు?

రెండో వక్త: నిశ్చింతగా ఎవరూ లేరు. కానీ ఆ అధ్యయనం ఎవరికి ఏ పద్ధతి ఇవ్వాలో పరిశోధకులు నిర్ణయించి చేసింది కాదు. ఆడవాళ్లు ఎవరికి వాళ్లు ఎంచుకున్నారు, పరిశోధకులు గమనించారు. సూది ఎంచుకున్న మనిషికీ, ఎంచుకోని మనిషికీ సూది ఒక్కటే తేడానా? గర్భం భయం లేదు కాబట్టి కండోమ్ మానేసి ఉండవచ్చు. కలయికలు ఎక్కువై ఉండవచ్చు. కండోమ్ వాడారా అని అడిగితే, వాడమని పదే పదే చెప్పిన కౌన్సిలర్ ఎదురుగా కూర్చుని "లేదు" అనడం ఎవరికైనా కష్టమే. అలా వచ్చిన జవాబుల మీద ఎంత సర్దినా లెక్క పూర్తిగా సరికాదు. పైగా ఆ అధ్యయనంలో సూది వాడుతూ వైరస్ సోకినవాళ్ల సంఖ్య చిన్నది.

మొదటి వక్త: అదే కారణమైతే గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలోనూ ఆ తేడా కనబడాలి కదా? మాత్ర మింగే ఆమెకూ గర్భం భయం లేదు, ఆమె కూడా కండోమ్ మానేసి ఉండవచ్చు. 2015లో 18 అధ్యయనాల నుంచి 37,124 మంది ఆడవాళ్ల వివరాలు ఒకచోట చేర్చి విశ్లేషించారు. డీఎంపీఏ వాడేవాళ్లలో ముప్పు ఒకటిన్నర రెట్లు. మాత్రలు వాడేవాళ్లలో 1.03, అంటే తేడా లేనట్టే. ప్రవర్తనే కారణమైతే అది సూది దగ్గరే పనిచేసి మాత్ర దగ్గర ఎందుకు ఆగిపోయింది?

రెండో వక్త: ఇది బలమైన ప్రశ్న, ఒప్పుకుంటాను. నా జవాబు పూర్తిగా దీన్ని కొట్టెయ్యలేదు కూడా. మాత్ర వాడే మనిషి, సూది వాడే మనిషి ఒకే రకం కాకపోవచ్చని మాత్రం అంటాను. మాత్ర రోజూ మింగాలి, ఇంట్లో పెట్టుకోవాలి, నలుగురి కంటా పడుతుంది. అది కుదిరే ఇల్లు వేరు, కుదరని ఇల్లు వేరు. కుదరని ఇంట్లో ఉన్న ఆమెకు హెచ్‌ఐవీ ముప్పు ముందే ఎక్కువగా ఉండి ఉండవచ్చు.

మొదటి వక్త: ప్రవర్తన సంగతి పక్కన పెట్టి శరీరం లోపలికి చూద్దాం. 1996లో కోతుల మీద ప్రయోగం చేశారు. ప్రొజెస్టిరాన్ ఇంప్లాంట్లు పెట్టిన కోతులకు, హెచ్‌ఐవీకి దగ్గరి చుట్టమైన ఎస్ఐవీ సోకడం ఏడు రెట్లకు పైగా పెరిగింది. యోని లోపలి పొర పల్చబడింది. ఇక డీఎంపీఏలో ఉండే మెడ్రాక్సీప్రొజెస్టిరాన్‌కు ఒక ప్రత్యేకత ఉంది. అది ప్రొజెస్టిరాన్ గ్రాహకాల దగ్గరే ఆగదు, స్టెరాయిడ్ మందులు పట్టుకునే గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకాలనూ పట్టుకుంటుంది. రోగనిరోధక కణాల పని తగ్గించేది ఆ దారే. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. చేతి చర్మం కింద పెట్టే గర్భనిరోధక ఇంప్లాంట్‌లో వాడే లెవొనార్జెస్ట్రెల్‌కు ఆ గుణం దాదాపు లేదు. లెక్కల్లో కనిపించిన తేడాకూ, శరీరంలో కనిపించిన దారికీ పొంతన కుదురుతోంది.

రెండో వక్త: పొంతన కుదిరినంత మాత్రాన నిజమైపోదు. కోతికి ఇచ్చింది డీఎంపీఏ కాదు. ఆడవాళ్లలో లోపలి పొర కోతుల్లో పల్చబడినంతగా పల్చబడలేదు. గాజుపాత్రలో కణాల మీద కనిపించినవన్నీ మనుషుల్లో రోగాలుగా తేలవు. అందుకే చివరికి అందరూ ఒకే మాట దగ్గరికి వచ్చారు: ఎవరికి ఏ పద్ధతో చీటీ వేసినట్టు నిర్ణయించి పరీక్షిస్తే తప్ప తేలదు అని.

మొదటి వక్త: ఆ పరీక్ష దగ్గరికి వెళ్లేముందు, అది లేని రోజుల్లో ఏం చేశారో మాట్లాడాలి. 2012 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులను పిలిచి చర్చించింది. సూది వాడకం మీద ఆంక్ష ఏమీ అక్కర్లేదని ప్రకటించింది. అదే ప్రకటనలో, సూది వాడేవాళ్లు కండోమ్ కూడా తప్పకుండా వాడాలని గట్టిగా చెప్పమంది. ఆంక్ష లేదంటూనే జాగ్రత్త అంటే క్లినిక్‌లో ఉన్న నర్సుకు ఏం అర్థం కావాలి? 2017 మార్చిలో మాట మార్చి, ముప్పు ఎక్కువగా ఉన్న ఆడవాళ్లకు సూదిని ఆంక్షలు లేని ఒకటో వర్గం నుంచి రెండో వర్గానికి మార్చింది. వాడవచ్చు కానీ అనుమానం సంగతి చెప్పాలి అని దాని అర్థం. 2011లో బలపడిన అనుమానం వర్గం మార్పుగా రావడానికి దాదాపు ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లలో సూది వేయించుకున్న ఆడవాళ్ల మాటేమిటి?

రెండో వక్త: కండోమ్ సలహా సరిపోదని మీరంటే నేనూ ఒప్పుకుంటాను. ఒక ఆడమనిషి సూదే ఎందుకు కావాలంటుందో ఒక్కసారి దగ్గరగా చూడండి. చిన్న సీసా, ఒక మిల్లీలీటరు తెల్లటి ద్రవం, 150 మిల్లీగ్రాముల మందు. బాగా కుదిపి, జబ్బకో పిరుదుకో లోతుగా వేస్తారు. వేసినచోట రుద్దవద్దంటారు. చీటీ మీద మళ్లీ రావలసిన తేదీ రాసి పంపిస్తారు. అంతే. ఇంట్లో దాచాల్సిన మాత్రల పట్టీ లేదు, చేతి చర్మం కింద తడిమితే తగిలే కడ్డీలు లేవు. భర్తకు తెలియకూడదు, అత్తకు తెలియకూడదు అనుకునే ఆమెకు ఇంతకంటే గుట్టుగా ఉండేది ఇంకొకటి లేదు. ఆమెతో "కండోమ్ కూడా వాడండమ్మా" అంటే, ఏ మనిషి ముందు నోరు విప్పలేక సూదికి వచ్చిందో ఆ మనిషితోనే మాట్లాడమని చెబుతున్నట్టు. ఆ సలహా రాసినవాళ్లు మంచి ఉద్దేశంతోనే రాశారు. కానీ దాని బరువంతా ఆమె మీదే పడింది.

మొదటి వక్త: మీరిప్పుడు నా వాదనే చెప్పారు. కండోమ్ ఆమె చేతిలో లేదు కాబట్టే, ఆమె చేతిలో ఉన్న ఒక్క పద్ధతిలో ముప్పు ఉంటే అది మరింత ప్రమాదం.

రెండో వక్త: ఆమె చేతిలో ఉన్నది ఆ ఒక్కటే కాబట్టి దాన్ని అనుమానం మీద లాగేసుకోకూడదని నేనంటాను. ఇంకో సంగతి కూడా ఉంది. సూది మానేసిన ఆమెకు గర్భం వస్తే హెచ్‌ఐవీ ముప్పు తగ్గుతుందా? అలాంటి జంటల అధ్యయనాల వివరాలతోనే 2018లో ఒక విశ్లేషణ వచ్చింది. నెలలు నిండుతున్న రోజుల్లో ఒక్కో కలయికకు హెచ్‌ఐవీ సోకే అవకాశం దాదాపు మూడు రెట్లు, కాన్పు తర్వాతి నెలల్లో నాలుగు రెట్లు ఉందని తేలింది. సూదికి భయపడి గర్భం తెచ్చుకుంటే, ఏ ముప్పు నుంచి తప్పించాలని మీరనుకుంటున్నారో ఆ ముప్పులోకే నెట్టినట్టవుతుంది.

మొదటి వక్త: సూదికి ప్రత్యామ్నాయం గర్భం అని మీరు ముందే అనేసుకుంటున్నారు. నేను అనేది ఇంప్లాంట్, కాపర్-టి. అవి ఎందుకు లేవు? ఏళ్ల తరబడి ఆ క్లినిక్‌ల బల్ల మీద సూది ఒక్కటే ఎందుకుంది? దీనికి చరిత్ర ఉంది. తెల్లవాళ్ల పాలనలో దక్షిణాఫ్రికాలో నల్లజాతి జనాభా తగ్గించాలన్న ఉద్దేశంతో ఈ సూదిని పొలాల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లకు వేశారు. పక్కనున్న జింబాబ్వే స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడే, 1981లో, దీన్ని నిషేధించింది. దీని మీద అక్కడి ఆడవాళ్లకున్న అపనమ్మకం అజ్ఞానం కాదు, అనుభవం.

రెండో వక్త: ఆ చరిత్రను నేను కాదనను. అయితే అదే సూదిని, పాలకులు పోయాక కూడా, అక్కడి ఆడవాళ్లు లక్షల్లో కావాలని అడిగి వేయించుకుంటున్నారు. ఎవరో వాళ్ల మీద రుద్దిన రోజులు ఉన్నాయి కాబట్టి, ఇప్పుడు వాళ్లు తమకోసం ఎంచుకున్నదీ రుద్దినదే అనడం న్యాయం కాదు.

మొదటి వక్త: ఎంచుకోవడం అంటే ఏమిటో మన ఊళ్లే చెబుతాయి. 1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్‌ను పరీక్షించబోయారు. రెండు నెలలకోసారి వేసే సూది, ఇదే కోవలోది. అది ఇంకా పరీక్షలో ఉన్న మందని అక్కడికి వచ్చిన ఆడవాళ్లకు తెలియదు. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్లు వెళ్లి చెబితేనే తెలిసింది. మరుసటేడు ఆ సంఘం మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2000లో ఆ కేసు ముగిసేటప్పటికి, నెట్-ఎన్‌ను పెద్దఎత్తున ప్రభుత్వ కార్యక్రమంలో పెట్టబోమని కేంద్రం చెప్పాల్సి వచ్చింది. చెప్పకుండా ఇస్తే అడిగేవాళ్లు పుడతారని ఆ ఆడవాళ్లు నిరూపించారు. అడగబట్టే నిజం బయటికి వచ్చింది.

రెండో వక్త: ఆ పోరాటం మీద నాకు గౌరవం ఉంది. అది లేకపోతే మన దేశంలో మందుల పరీక్షలకు సమ్మతి గురించి ఇంత చర్చ జరిగేది కాదు. కానీ ఆ తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి. డీఎంపీఏ మన దగ్గర తొంభైల్లో ప్రైవేటు డాక్టర్ల దగ్గర దొరికింది, ప్రభుత్వ ఆసుపత్రిలో మాత్రం 2017లో "అంతర" పేరుతో వచ్చేదాకా లేదు. ఆలోగా డబ్బులేని ఆడవాళ్లకు ఏం దొరికింది? పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. చాలామంది పాతికేళ్లు దాటీ దాటకముందే చేయించుకున్నారు. దేశ సగటు కంటే హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రం అది. ఆపరేషన్ అయ్యాక ఆ ఇంట్లో కండోమ్ మాట ఎత్తేదెవరు? ఆపరేషన్‌కు ముందు ఆమెకు హెచ్‌ఐవీ గురించి చెప్పాలని ఎవరైనా అంత గట్టిగా పోరాడారా? సూది మీద పెట్టిన కన్ను ఆపరేషన్ మీద పెట్టలేదు.

మొదటి వక్త: అది నాకు గట్టిగా తగిలే మాట. ఆపరేషన్ల శిబిరాల మీద కూడా ఆ సంఘాలే గొంతెత్తాయి, కానీ హెచ్‌ఐవీ కోణం నుంచి తక్కువే. దాంతో నా సూత్రం మారదు, ఇంకా విస్తరిస్తుంది. ఏ పద్ధతి ఇచ్చినా అది వైరస్‌ను ఆపుతుందో ఆపదో చెప్పి ఇవ్వాలి.

రెండో వక్త: సరే, ఇప్పుడు ఆ పరీక్ష సంగతి. దాని పేరు ఎకో. 2015 డిసెంబరు నుంచి 2018 అక్టోబరు దాకా ఎస్వాటిని, కెన్యా, దక్షిణాఫ్రికా, జాంబియాల్లో 12 చోట్ల జరిగింది. 16 నుంచి 35 ఏళ్ల లోపు 7,829 మంది ఆడవాళ్లు చేరారు. ఎవరికి డీఎంపీఏ, ఎవరికి కాపర్-టి, ఎవరికి లెవొనార్జెస్ట్రెల్ ఇంప్లాంట్ అన్నది కంప్యూటర్ నిర్ణయించింది. కాబట్టి ఫలానా రకం ఆడవాళ్లు ఫలానా పద్ధతి ఎంచుకున్నారన్న సందేహం లేదు. మొత్తం 397 మందికి వైరస్ సోకింది. సూది గుంపులో 143, కాపర్-టి గుంపులో 138, ఇంప్లాంట్ గుంపులో 116. సూదిని కాపర్-టితో పోలిస్తే తేడా 4 శాతం. అంటే ఏమీ లేనట్టే. 2019 జూన్‌లో ఫలితాలు వచ్చాయి, ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూదిని తిరిగి ఒకటో వర్గంలో పెట్టింది. ఎంతోమంది ఎన్నో ఏళ్లు అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు ఇది. దీన్ని కూడా నమ్మకపోతే ఇంకేం నమ్ముతారు?

మొదటి వక్త: నమ్ముతాను. కానీ అది చెప్పినంతే నమ్ముతాను, చెప్పనిది దాని నోట పెట్టను. ఆ 4 శాతం పక్కన హద్దులు కూడా ఉన్నాయి కదా. 18 శాతం తక్కువ నుంచి 33 శాతం ఎక్కువ దాకా ఎక్కడైనా నిజం ఉండవచ్చు. సూదిని ఇంప్లాంట్‌తో పోలిస్తే 23 శాతం ఎక్కువ వచ్చింది. దాని పై హద్దు 59 శాతం, కింది హద్దు 5 శాతం తక్కువ. కింది హద్దు సున్నాకు అటుపక్క ఉంది కాబట్టి తేడా రుజువు కాలేదంటారు. అది లెక్కలో సరే. ఆ పరీక్షను రూపొందించిందే ముప్పు 50 శాతం పెరిగితే పట్టుకోవడానికి. రెట్టింపు ముప్పు లేదని అది బలంగా చెప్పింది. 20 శాతం ముప్పు లేదని చెప్పలేదు. హెచ్‌ఐవీ ఇంతగా ఉన్నచోట 20 శాతం అంటే వేలమంది ఆడవాళ్లు.

రెండో వక్త: చిన్న తేడా లేదని ఏ పరీక్షా ఎప్పటికీ రుజువు చేయలేదు. అలా చూస్తే ఇంప్లాంట్ కంటే కాపర్-టిలోనూ 18 శాతం ఎక్కువ కనిపించింది. దానిలో హార్మోనే లేదు, మీరు చెప్పిన గ్లూకోకార్టికాయిడ్ దారీ లేదు. మరి కాపర్-టి గురించి కూడా హెచ్చరిస్తారా? హద్దుల్లోపలి ప్రతి అంకెనూ ముప్పు అనుకుంటే ఏ పద్ధతీ మిగలదు.

మొదటి వక్త: బాగా అడిగారు. కాపర్-టి అంకె నా గ్రాహకాల వాదనను బలహీనపరుస్తుంది, నిజమే. కానీ ఇంకో లోటు ఉంది. అందులో ఏ పద్ధతీ వాడని గుంపు లేదు. మూడు పద్ధతులూ ఒకేలా ముప్పును పెంచితే ఆ పరీక్షకు తెలిసే దారి లేదు.

రెండో వక్త: ఆ గుంపు పెట్టాలంటే, గర్భం వద్దని వచ్చిన వేలమందిని పద్ధతి లేకుండా పంపించాలి. అది ఎవరు చేస్తారు? ఎవరు ఒప్పుకుంటారు?

మొదటి వక్త: ఎవరూ చేయకూడదు. అదే నేను చెప్పేది కూడా. కొన్ని ప్రశ్నలకు జవాబు ఎప్పటికీ రాదు. అలాంటప్పుడు జవాబు వచ్చేసినట్టు మాట్లాడకూడదు. పైగా ముప్పు ఉందేమోనని అనుమానిస్తున్న మందును చీటీ వేసి ఆడపిల్లలకు ఇవ్వడం ఏం న్యాయమని అప్పట్లోనే చాలామంది అడిగారు.

రెండో వక్త: వాళ్లు ఒప్పుకుని చేరారు. ప్రతి రాకకూ హెచ్‌ఐవీ పరీక్ష చేశారు, కండోమ్‌లు ఇచ్చారు, సుఖవ్యాధులకు చికిత్స చేశారు. బయట మామూలు క్లినిక్‌లో అంత శ్రద్ధ ఎవరికి దొరుకుతుంది? సందేహంలోనే లక్షలమందికి ఏళ్ల తరబడి సూది వేస్తూ పోవడం కంటే, అడిగి తేల్చుకోవడమే న్యాయం.

మొదటి వక్త: అంత శ్రద్ధ పెట్టినచోటే ఏం జరిగిందో చూడండి. మూడు గుంపులూ కలిపి వందమందికి ఏడాదికి 3.81 మందికి వైరస్ సోకింది. వీళ్లు సెక్స్ వర్కర్లు అని ఎంచి తీసుకున్నవాళ్లు కాదు. గర్భం వద్దనుకుని మామూలుగా వచ్చిన ఆడపిల్లలు, ఎక్కువమంది పాతికేళ్ల లోపువాళ్లు. చేరినరోజే 18 శాతం మందికి క్లమీడియా ఉంది. ప్రతి రాకకూ కండోమ్ ఇస్తే ఇలా ఉంది, ఇవ్వని చోట ఎలా ఉంటుంది?

రెండో వక్త: ఆ అంకె దగ్గర నాకు నిద్ర పట్టదు. సూదా, ఇంప్లాంటా అని మనం ఇరవై ఏళ్లు తగువులాడుకున్నాం. ఏ పద్ధతి ఇచ్చినా ఏడాదికి వందలో దాదాపు నలుగురికి వైరస్ సోకుతూనే ఉంది. కుటుంబ నియంత్రణ ఒక గదిలో, హెచ్‌ఐవీ నివారణ ఇంకో గదిలో, ఒక్కోసారి ఇంకో ఊళ్లో. ఒకే శరీరాన్ని రెండు శాఖలు పంచుకున్నాయి. నేను సూదిని సమర్థిస్తున్నాను కాబట్టి ఈ తప్పు చిన్నదని మాత్రం అనను.

మొదటి వక్త: అయితే ఆ సూదితో పాటు నివారణ కూడా ఇవ్వాలి. 2024 జూన్‌లో దక్షిణాఫ్రికా, ఉగాండాల నుంచి వచ్చిన ఫలితం మీకు తెలుసు. ఆరు నెలలకోసారి వేసే లెనకపవిర్ ఇంజక్షన్ తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ వైరస్ సోకలేదు. ఒకరు కూడా! కండోమ్ మాట ఎత్తలేని ఆమెకు, గుట్టుగా వేయించుకునే సూదే కావాలనే ఆమెకు ఇది సరిపోయే మందు. మూడు నెలల సూదికి వచ్చిన రోజునే, ప్రతి రెండో రాకకు ఇదీ వేస్తే చాలు.

రెండో వక్త: నాకూ అదే కోరిక. కానీ 2025 జనవరిలో ఏం జరిగిందో చూశాం. అమెరికా విదేశీ సాయాన్ని ఒక్క ఉత్తర్వుతో ఆపేశారు. తర్వాత ప్రాణరక్షణ పనులకు మినహాయింపు ఇచ్చారు. హెచ్‌ఐవీ రాకుండా ముందుగా ఇచ్చే మందు గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ మాత్రమే అన్నారు. కుటుంబ నియంత్రణకు మినహాయింపే లేదు. అంటే గర్భం రాకుండా చూసుకోవాలనుకున్న ఆడపిల్లకు ఆ డబ్బుతో రెండూ లేవు. ఉన్న పద్ధతిని వదులుకోవడం ఎంత తేలికో, కొత్తది తెచ్చుకోవడం ఎంత కష్టమో దీన్ని చూస్తే తెలుస్తుంది. అందుకే ఉన్నదాని మీద అనుమానం చల్లడానికి నేను భయపడతాను. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో కొన్ని గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువని అధికారులు హడావుడిగా ప్రకటించారు. ముప్పు నిజమే, కానీ చాలా చిన్నది. భయపడి ఎంతోమంది మాత్రలు మానేశారు, మరుసటి ఏడాది అబార్షన్లు వేలల్లో పెరిగాయి. ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టయింది.

మొదటి వక్త: బ్రిటన్‌లో తప్పు చెప్పడంలో లేదు, చెప్పిన తీరులో ఉంది. ముప్పు ఎంత చిన్నదో, మానేస్తే ఏమవుతుందో కలిపి చెప్పలేదు. ఆడవాళ్లు నిజం విని తట్టుకోలేరన్న భయంతో ఎవరో వాళ్ల తరఫున నిర్ణయిస్తూ పోతే అది పటాన్‌చెరుకే తిరిగి వెళ్లడం. ఇక సాయం ఆగిన సంగతి నా వాదనకు కూడా పనికొస్తుంది. ఒకే దేశం డబ్బు మీద, ఒకే సూది మీద ఒక ఖండం ఆడవాళ్లను నిలబెట్టడమే అసలు తప్పు.

రెండో వక్త: ఒప్పుకుంటాను. అయినా రేపు పొద్దున దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్‌లోనో కెన్యాలోని కిసుములోనో ఒక క్లినిక్ తెరుస్తారు. పద్దెనిమిదేళ్ల పిల్ల వచ్చి సూది అడుగుతుంది. వెనక ఇంకో ముప్ఫై మంది ఉన్నారు. నర్సు ఏం చెప్పాలో మీరే చెప్పండి.

మొదటి వక్త: ఇలా చెప్పాలి. "ఈ సూది గర్భాన్ని ఆపుతుంది, హెచ్‌ఐవీని ఆపదు. ఇది హెచ్‌ఐవీ ముప్పును పెంచుతుందేమోనని చాలా ఏళ్లు అనుమానించారు. పెద్ద పరీక్ష చేస్తే పెద్ద తేడా కనబడలేదు, చిన్న తేడా ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. ఇంప్లాంట్ ఉంది, కాపర్-టి ఉంది, నీ ఇష్టం. ఏది తీసుకున్నా హెచ్‌ఐవీ రాకుండా ఉండే మందు గురించి ఇప్పుడే మాట్లాడుకుందాం." దీనికి ఒక్క నిమిషం కూడా పట్టదు.

రెండో వక్త: మొదటి మాటా, చివరి మాటా నేనూ చెబుతాను. ఇంప్లాంట్, కాపర్-టి ఉన్నచోట మధ్య మాటలు కూడా చెబుతాను. కానీ ఆ అలమారులో సూది ఒక్కటే ఉన్న రోజున, ఆ అనుమానం మాట చెప్పి ఆమెకు ఇచ్చేదేమిటి? ఆమె చేయగలిగింది ఏమీ లేదు, భయపడటం తప్ప. రెండో పద్ధతి తెచ్చే బాధ్యత ప్రభుత్వానిది. అది తేనంతకాలం ఆ భయాన్ని పద్దెనిమిదేళ్ల పిల్ల నెత్తిన పెట్టడం నాకు న్యాయంగా తోచడం లేదు.

మొదటి వక్త: రెండో పద్ధతి లేదన్న సంగతి కూడా ఆమెకు తెలియాలి. తెలిస్తేనే ఎందుకు లేదని అడుగుతుంది. ఆమె లాంటివాళ్లు పదివేలమంది అడిగితేనే ఆ అలమారు నిండుతుంది. సూదిని ఆపమని నేను అనడం లేదు, వేయండి. కానీ నర్సు దాచిన మాట ఆమెకు ఇంకెక్కడా దొరకదు.

రెండో వక్త: ఆ పదివేలమంది అడిగేలోపు వాళ్లలో ఎవరికీ వద్దనుకున్న గర్భం రాకూడదు. ఆ పూచీ మీరు ఇవ్వగలిగిన రోజున మీ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు నేనే చెబుతాను.

మొదటి వక్త: ఆ పూచీ నేను ఇవ్వలేను. తన శరీరంలోకి వెళ్లేదాని గురించి తెలిసినదంతా తెలుసుకునే హక్కు ఆమెకు ఉందన్న పూచీని మీరూ కాదనలేరు. ఆ అలమారులో సూది ఒక్కటే ఉన్న రోజున ఈ రెంటిలో దేన్ని వదులుకోవాలో మనం నిర్ణయించకూడదు. ఆమెను అడగాలి. అడగాలంటే ముందు చెప్పాలి.